మనసుకి లెక్కలెందుకు?

సాగర్ ఎడమ కాలవ కింద మిర్యాలగూడలోనో కోదాడలోనో, లెక్కలంటే భయపడి ఇంటర్లో హెచ్ఈసీ తీసుకున్న పిల్లలు కొందరు డిగ్రీలో సైకాలజీకి వస్తారు. అక్కడ స్టాటిస్టిక్స్ ఎదురవుతుంది. "మనసుకి లెక్కలెందుకు?" అని విసుక్కుంటారు.

ఈ ప్రశ్నకి మన దగ్గరే ఒక పాత జవాబుంది, వాల్తేరులో. 1960ల చివర్లో ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ, పారాసైకాలజీ శాఖ పెట్టిన కె. రామకృష్ణారావు చదివింది తత్వశాస్త్రం. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో జె. బి. రైన్ దగ్గర పనిచేసి వచ్చారు. రైన్ ప్రయోగం ఇది: 5 గుర్తులు, ఒక్కోదానికి 5 చొప్పున 25 కార్డులు. చూడకుండా చెప్పాలి. నోటికొచ్చింది చెప్పినా సగటున 5 కలుస్తాయి. ఎవరికైనా 8 కలిస్తే? దివ్యదృష్టే అనిపిస్తుంది. లెక్క వేస్తే, ఏ శక్తీ లేకుండానే సుమారు తొమ్మిది మందిలో ఒకరికి 8 గానీ అంతకు మించి గానీ వస్తాయి.

1937లో అమెరికా సంఖ్యాశాస్త్రవేత్త బర్టన్ క్యాంప్, రైన్ లెక్కల పద్ధతి సరైనదే, తప్పు పట్టాలంటే వేరే చోట వెతకాలి అని ప్రకటించాడు. లెక్క తీర్పు చెప్పలేదు; ఎక్కడ అనుమానించాలో చూపించింది.

వాల్తేరులోనే గణితం చదివిన సి. ఆర్. రావు 1955లో 'సైకోమెట్రికా' పత్రికలో ఫ్యాక్టర్ ఎనాలిసిస్ మీద రాశారు. తెలివితేటల పరీక్షల వెనకున్న లెక్క అదే.

పదిహేనేళ్ళకే లెక్కలు వదిలేసిన పిల్లకి సైకాలజీ తలుపు మూయకూడదు. అలాగని లెక్క తప్పించనూ కూడదు. లోపలికి రానిచ్చి, ఈ కార్డులతోనే మొదలుపెట్టొచ్చు. లేకపోతే రేపెవరో 8 చూపించి నమ్మమంటే, ఎదురు ప్రశ్న వేయడానికి ఆమె దగ్గర ఏమీ ఉండదు.