పళ్లికరణై: నీళ్లు, గడ్డి, పిట్టలు

చెన్నైలో వేళచ్చేరి నుంచి తాంబరం వైపు పోతుంటే ఎడమచేతి పక్కన జమ్ము, తుంగ, వాటి నడుమ మడుగులు కనిపిస్తాయి. అదే పళ్లికరణై. ఒకప్పుడు అయిదువేల హెక్టార్లకు పైగా పరుచుకున్న ఈ చిత్తడి చాలాకాలం సర్కారు లెక్కల్లో పనికిరాని బంజరే. బంజరన్నాక అడిగేవాళ్లెవరు? ఒకవైపు పెరుంగుడి చెత్తకుప్ప పెరిగింది, ఇంకోవైపు రోడ్లు, ఐటీ భవనాలు, మాలాంటి వాళ్ల అపార్టుమెంట్లు వచ్చాయి. 2007లో 317 హెక్టార్లను రిజర్వు అడవిగా ప్రకటించారు. 2022లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కేటప్పటికి లెక్కలోకి వచ్చింది సుమారు 1,247 హెక్టార్లు.

ఈ మార్పు వెనక పిట్టల్ని చూసేవాళ్ల శ్రమ ఉంది. 1978లో మొదలైన మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ సభ్యులు, కేర్ ఎర్త్ ట్రస్ట్ పరిశోధకులు ఇక్కడ ఏమేం బతుకుతున్నాయో రాసిపెట్టారు. బంజరనే మాటకు ఆ జాబితాలే గట్టి జవాబని నా నమ్మకం.

ఇప్పుడు రోడ్డు పక్కనే ఎకో పార్కు, అందులో నడకదారి ఉన్నాయి. అక్కడ కాసేపు కదలకుండా నిలబడితే నీలి బొల్లికోడి జమ్ములోంచి బయటికొస్తుంది. ఎర్రటి పొడుగు వేళ్లతో కాడను పట్టుకుని, చేత్తో తిన్నట్టే ముక్కు దగ్గరికి తెచ్చుకుని, పైపొర చీల్చి లోపలి మెత్తటి భాగం తింటుంది. చలికాలంలో సూదితోక బాతులు ఉత్తరాది నుంచి దిగుతాయి. గూడబాతులూ, కొన్నేళ్లు రాజహంసలూ వస్తాయి. నేలపట్టు, పులికాట్ చూసినవాళ్లకు ఇవన్నీ పాత చుట్టాలే. ఇక్కడి నీరు ఒక్కియం మడువు అనే వాగు గుండా చేరేది కూడా పులికాట్ మీదుగా వచ్చే బకింగ్‌హాం కాలువలోకే.

ఈశాన్య రుతుపవనాల వేళ ఎగువ చెరువులు పొర్లిన నీళ్లు ఇక్కడికే వస్తాయి. ఎండలు ముదిరేసరికి నీరు తగ్గి బురదా గడ్డీ తేలతాయి. ఉల్లంకి పిట్టలకు ఆ పలచని నీరు, బురద అంచులే అన్నం పెట్టే చోటు. అందుకే పూడిక తీసి లోతైన చెరువుగా చేద్దామనే మాట వినపడ్డప్పుడల్లా నాకు భయమేస్తుంది. లోతు నీళ్లలో బాతులు ఈదుతాయి గానీ, నడిచి మేసే పిట్టలకు కాలు మోపే చోటుండదు.

2015 డిసెంబరు వరదల్లో వేళచ్చేరి వీధులు మునిగాయి. నీరు ఆగాల్సిన నేలను మేం ఇళ్లకు వాడుకున్నాం మరి. మిగిలిన చిత్తడి అంచుల్ని కాపాడాలి, ఒక్కియం మడువు ఇరుకవకుండా చూడాలి. ఇది అటవీ శాఖ ఒక్కదానివల్ల అయ్యేది కాదు, చుట్టూ ఉన్న మేమంతా పట్టుబట్టి అడగాలి.