'దొర', 'మొస్కాల్': రష్యా – పోలెండ్ చరిత్రలో రచయితలు

దోస్తయేవ్‌స్కీ 'కరమజోవ్ సోదరులు' చదివినవాళ్ళకు మొక్రొయే గ్రామంలోని సత్రం గుర్తుండే ఉంటుంది. గ్రూషెంకాను వెతుక్కుంటూ మీత్యా అక్కడికి వెళ్ళేసరికి ఆమె పక్కన ఇద్దరు పోలిష్ పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. ఒకడు ఏళ్ళ కిందట ఆమెను వదిలేసి పోయిన పాత ప్రియుడు. ఆమె దగ్గర డబ్బు చేరిందని తెలిసి తిరిగి వచ్చాడు. రెండోవాడు వాడి తోడుదొంగ. మాట మాటకూ పరువు, మర్యాద అంటారు; పేకాటలో పేక మార్చేసి దొరికిపోతారు. మీత్యా పోలెండ్ పేరు చెప్పి గ్లాసెత్తితే సంతోషంగా తాగుతారు. రష్యా పేరెత్తగానే మాత్రం షరతు పెడతారు. 1772కు ముందున్న ఎల్లల్లోని రష్యాకైతేనే తాగుతారట. మనం ఆ చోట నవ్వుకుని పేజీ తిప్పేస్తాం. నవ్వాలనే రచయిత రాశాడు. కాని ఆ సంవత్సరం అక్కడికి ఎందుకొచ్చిందో తెలిసిన పాఠకుడికి అంత సులువుగా నవ్వు రాదు.

1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి పోలెండ్‌ను మొదటిసారి పంచుకున్నాయి. 1793లో రెండోసారి, 1795లో మూడోసారి. ఆ మూడో పంపకంతో యూరప్ పటం మీద పోలెండ్ అన్న రాజ్యమే లేకుండా పోయింది. 1918 దాకా లేదు. ఒక జాతికి జరిగిన ఇంత పెద్ద అన్యాయాన్ని ఒక మహారచయిత పేకాట మోసగాడి నోట పెట్టి నవ్వులాట చేశాడు. అలా చేసినవాడు ఎవరు? తానే నాలుగేళ్ళు ఓమ్స్క్ జైలులో పోలిష్ రాజకీయ ఖైదీలతో కలిసి సంకెళ్ళు మోసినవాడు. వంశం పేరే పాత పోలెండ్–లిథువేనియా రాజ్యంలోని దొస్తోయెవో అనే ఊరి నుంచి వచ్చినవాడు. 'మృతగృహ స్మృతులు'లో ఆ ఖైదీలను అతనే గౌరవంగా చిత్రించాడు. తరవాతి నవలల్లో ఆ గౌరవం కనబడదు. దీన్ని ఒక రచయిత వ్యక్తిగత బలహీనతగా కొట్టిపారేయడం తేలిక. అసలు కారణాలు చరిత్రలో ఉన్నాయి.

రష్యన్ల వైపు గాయం 1610 నాటిది. జార్ సింహాసనం కోసం కుమ్ములాటలు సాగుతున్న ఆ 'కల్లోల కాలం'లో పోలిష్ సేన క్లూషినో దగ్గర గెలిచింది. మాస్కో ప్రభువులే పోలిష్ రాజకుమారుణ్ణి జార్‌గా ఒప్పుకున్నారు. పోలిష్ దళం క్రెమ్లిన్‌లో తిష్ఠ వేసింది. నీజ్నీ నోవ్‌గరద్‌కు చెందిన మాంసం వర్తకుడు మినిన్, ప్రభువు పజార్‌స్కీ కూడగట్టిన ప్రజాసేన 1612లో వాళ్ళను వెళ్ళగొట్టింది. ఇది నిజంగా జరిగిన పోరాటమే. అయితే దాన్ని రెండు శతాబ్దాల తరవాత జారిస్టు రాజ్యం తవ్వి తీసి పండగ చేసిన తీరు వేరు. 1818లో మాస్కో ఎర్ర మైదానంలో మినిన్, పజార్‌స్కీల విగ్రహం లేచింది. 1836లో గ్లింకా 'జార్ కోసం ప్రాణం' ఒపేరా వచ్చింది. పోలెండ్ రాజ్యమే లేని కాలంలో రష్యన్ ప్రేక్షకుడు రంగస్థలం మీద పోలిష్ దురాక్రమణదారుణ్ణి చూసి పళ్ళు కొరికాడు. ఆక్రమించినవాడు తననే బాధితుడుగా ఊహించుకోవడానికి కళ ఎంత బాగా పనికొస్తుందో సాహిత్య విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

తేదీల్లో కూడా ఒక చిత్రం ఉంది. 2005 నుంచి రష్యా నవంబర్ 4ను జాతీయ ఐక్యతా దినంగా జరుపుతోంది, 1612 విజయానికి గుర్తుగా. అంతవరకూ సెలవుగా ఉన్న నవంబర్ 7ను, అంటే అక్టోబర్ విప్లవ దినాన్ని తీసేసి దీన్ని పెట్టారు. 1794లో అదే నవంబర్ 4న సువోరోవ్ సేనలు వార్సా శివారు ప్రాగాలో చొరబడి వేలాది మంది పౌరులను ఊచకోత కోశాయి. ఒకే తేదీ. ఒక జాతికి పండగ, ఒక జాతికి తద్దినం.

ఇక పేర్ల సంగతి. రష్యన్ సాహిత్యంలో పోలిష్ మనిషిని 'పాన్' అంటారు. పోలిష్ భాషలో అది 'అయ్యా' వంటి మర్యాద మాట, మూలార్థం 'దొర'. ఉక్రెయిన్, బైలోరష్యా పల్లెల్లో ఆ మాటకు అక్షరాలా దొర అనే అర్థం. అక్కడ భూమి పోలిష్ కాథలిక్ ప్రభువుది. దున్నేది ఆర్థడాక్స్ రైతు. దొర మీద రైతుకున్న కోపం న్యాయమైనదే. ఆ వర్గ కోపాన్ని జారిస్టు ప్రభుత్వం జాతి కోపంగా మలుచుకుంది. తన సొంత భూస్వాముల కింద కోట్లాది రష్యన్ అర్ధబానిసలు నలుగుతుంటే, దొరతనం అంటే పోలెండే అన్నట్టు చూపించింది. రెండోవైపు పోలిష్ కులీనులు తక్కువ తినలేదు. వాళ్ళ దృష్టిలో రష్యన్ 'మొస్కాల్': బానిస బుద్ధివాడు, అనాగరికుడు, ఆసియావాడు. దూహిన్‌స్కీ అనే ఆయన అసలు రష్యన్లు స్లావులే కారని సిద్ధాంతమే కట్టి యూరప్‌లో ప్రచారం చేశాడు. 'ఆసియా' అన్న మాట అక్కడ తిట్టు! ఆసియాలో కూర్చుని చదువుకునే మనం పోలెండ్ మీద సానుభూతితో ఈ సంగతి మరవకూడదు.

ఇంత విషం మధ్య ఇద్దరు కవుల స్నేహం పుట్టింది. ఆడమ్ మిత్స్కేవిచ్ విల్నో విద్యార్థి సంఘంలో పనిచేసినందుకు అరెస్టయి, 1824లో శిక్షగా రష్యాకు వచ్చాడు. శిక్ష అనుభవించడానికి వచ్చినవాణ్ణి రష్యన్ రచయితలు నెత్తిన పెట్టుకున్నారు. రిలేయెవ్, బెస్తూజెవ్‌లు మిత్రులయ్యారు. 1826లో పుష్కిన్ పరిచయమయ్యాడు. 'క్రిమియా సానెట్లు' మాస్కోలో అచ్చయ్యాయి. 'కోన్రాద్ వాలెన్‌రోద్' 1828లో పీటర్స్‌బర్గ్‌లో వచ్చింది. దాని ప్రారంభాన్ని పుష్కిన్ స్వయంగా అనువదించాడు. అప్పటికే డిసెంబ్రిస్టుల తిరుగుబాటు విఫలమై, 1826లో రిలేయెవ్ ఉరికంబమెక్కాడు, బెస్తూజెవ్ సైబీరియా పాలయ్యాడు. 1829లో మిత్స్కేవిచ్ రష్యా విడిచి వెళ్ళాడు.

1830 నవంబర్ 29న వార్సా తిరగబడింది. ఫ్రెంచి పార్లమెంటులో కొందరు పోలెండ్ పక్షాన గొంతెత్తారు. 1831లో పుష్కిన్ 'రష్యాను దూషించేవారికి' అనే కవిత రాశాడు. దాని సారం మనకు బాగా తెలిసిన వాదమే: ఇది స్లావుల ఇంటి తగాదా, బయటివాళ్ళు తల దూర్చొద్దు. వార్సాను జార్ సేనలు పట్టుకున్నాక మరో కవిత రాశాడు. రెండూ జుకోవ్‌స్కీ కవితతో కలిసి చిన్న పుస్తకంగా వచ్చాయి. డిసెంబ్రిస్టుల మిత్రుడు, స్వేచ్ఛను గానం చేసినందుకు తానే ప్రవాసశిక్ష అనుభవించినవాడు ఈ పని చేశాడు. జార్ ఒత్తిడి వల్ల రాశాడని సర్ది చెప్పే విమర్శకులున్నారు. ఆ సమర్థన నిలవదు. నమ్మే రాశాడు. పొరుగువాడి ఇల్లు ఇంటి తగాదా పేరిట కూల్చవచ్చని నమ్మాడు. అప్పుడే అతని ఆప్తమిత్రుడు వ్యాజెమ్‌స్కీ ఆ కవితలను ఏవగించుకుని తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు. కాని అచ్చు వేయలేదు. తప్పు రాసిన కవిత లోకానికి అందింది, దాన్ని తప్పన్న మాట సొరుగులో ఉండిపోయింది.

మిత్స్కేవిచ్ జవాబు 1832లో వచ్చిన 'జ్యాదీ' మూడో భాగం. 'జ్యాదీ' అంటే పితృదేవతల తిథి అనుకోవచ్చు. దాని చివర రష్యా మీద కొన్ని కవితలు చేర్చాడు. అందులో రష్యా మంచు కప్పిన ఖాళీ కాగితం; మనుషుల ముఖాలు కూడా అంతే ఖాళీ. ఇది న్యాయం కాదు. మొస్కాల్ మూస ఆ మహాకవిని కూడా వదల్లేదు. కాని అదే పుస్తకంలో మాస్కో మిత్రులను ఉద్దేశించిన కవిత ఉంది. ఉరిపోయిన రిలేయెవ్‌ను, శిక్షలో ఉన్న బెస్తూజెవ్‌ను తన జాతి అమరుల సరసన నిలిపి దుఃఖించాడు. జార్‌కు కలం అమ్ముకున్నవాళ్ళను పేరు చెప్పకుండా నిలదీశాడు. మరో కవితలో పీటర్ చక్రవర్తి గుర్రపు విగ్రహం ముందు వానలో ఇద్దరు యువకులు ఒకే అంగవస్త్రం కప్పుకుని చేతులు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకడు పడమటి నుంచి వచ్చిన యాత్రికుడు, ఒకడు రష్యన్ కవి.

జార్ రాజ్యంలో నిషిద్ధమైన ఆ పుస్తకం 1833లో ఒక మిత్రుడి ద్వారా పుష్కిన్ చేతికి వచ్చింది. ఆయన అందులోని కవితలను పోలిష్ భాషలోనే తన నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాడు. తనను కొట్టిన మాటలను స్వహస్తంతో నకలు రాసుకోవడం చిన్న విషయం కాదు. అదే ఏడాది శరత్కాలంలో 'కంచు రౌతు' రాశాడు. అదే విగ్రహం, అదే పీటర్. కాని ఈసారి వరదలో ప్రియురాలిని పోగొట్టుకున్న ఒక పేద గుమాస్తా ఆ విగ్రహం మీద పిడికిలి ఎత్తుతాడు, విగ్రహం వాణ్ణి రాత్రంతా తరుముతుంది. మిత్స్కేవిచ్ పేరు ఆ కావ్యం నోట్సులో ఉంది. పీటర్ స్తోత్రంతో మొదలైన ఆ కావ్యంలో చివరికి ఒరిగిపోయిన గుమాస్తా శవమే మన కళ్ళ ముందు మిగులుతుంది. పోలిష్ కవి దెబ్బ తగలకపోతే ఈ కావ్యం ఈ రూపంలో ఉండేది కాదని నా అభిప్రాయం. స్వయంగా నికొలాస్ చక్రవర్తే పుష్కిన్‌కు సెన్సారు. ఆయన అభ్యంతరాల వల్ల కవి బతికుండగా అది పూర్తిగా వెలుగు చూడలేదు. 1837లో పుష్కిన్ ద్వంద్వయుద్ధంలో చనిపోతే, పారిస్ పత్రికలో మిత్స్కేవిచ్ సంస్మరణ రాశాడు. కింద తన పేరు పెట్టలేదు; పుష్కిన్ మిత్రుడు అని సంతకం చేశాడు.

1863లో పోలెండ్ మళ్ళీ లేచినప్పుడు పరీక్ష ఇంకా కఠినమైంది. లండన్‌లో హెర్జెన్ తన 'కోలొకోల్' పత్రికలో పోలెండ్ పక్షం వహించాడు. అంతవరకూ ఆ పత్రికను దొంగచాటుగా తెప్పించుకుని చదివిన రష్యన్ ఉదారవాదులు మొహం తిప్పుకున్నారు. కాత్కోవ్ పత్రికలోని దేశభక్తి వాళ్ళకు రుచించింది. 'కోలొకోల్' ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు, 1867లో ఆగిపోయింది. పాఠకుల్ని పోగొట్టుకుంటానని తెలిసి కూడా మాట మార్చని సంపాదకుడు ఏ కాలంలోనైనా అరుదే. జార్ సైన్యంలో అధికారిగా ఉన్న ఆంద్రేయ్ పొతెబ్న్యా ఇంకా ముందుకెళ్ళి, తిరుగుబాటుదారుల్లో చేరి 1863 మార్చిలో జార్ సేనలతో పోరాడుతూ చనిపోయాడు. ఆ తిరుగుబాటుకు సంఘీభావంగా లండన్‌లో కలుసుకున్న కార్మికుల పరిచయాల నుంచే మరుసటి ఏడాది మొదటి ఇంటర్నేషనల్ పుట్టింది. జార్ సైన్యంలోనే అధికారిగా ఉండి విప్లవకారుడైన పోలిష్ యువకుడు యరొస్లావ్ దొంబ్రోవ్‌స్కీ 1871లో పారిస్ కమ్యూన్ సేనాని అయి బారికేడ్ల దగ్గర ప్రాణం విడిచాడు.

ఇరవయ్యో శతాబ్దం విషయంలో మనం ఇంత ధాటిగా మాట్లాడం. మాట్లాడాలి. 1920 యుద్ధంలో ఎర్రసైన్యం పోస్టర్లలో 'పాన్' బొర్ర మళ్ళీ కనిపించింది. పోలిష్ పోస్టర్లలో బోల్షెవిక్ రక్తపిశాచి అయ్యాడు. యుద్ధఖైదీలుగా పోలిష్ శిబిరాల్లో వేలాది ఎర్రసైనికులు రోగాలతో చనిపోయారు. 1937–38లో స్టాలిన్ పోలీసులు 'పోలిష్ చర్య' పేరిట లక్షా 11 వేల మందిని కాల్చి చంపారు. అప్పుడు గూఢచారి అనిపించుకోవడానికి పోలిష్ ఇంటిపేరు చాలు. జారిస్టు కాలపు మూసే ఇది, కొత్త ముద్ర వేసుకుని వచ్చింది. కోమింటర్న్ 1938లో పోలెండ్ కమ్యూనిస్టు పార్టీనే రద్దు చేసింది. నాయకుల్లో అత్యధికులు అప్పటికే హతులు. బ్రూనో యాసెన్‌స్కీ అనే కవిని గుర్తు చేసుకోవాలి. పోలిష్ భాషలో భవిష్యత్‌వాద కవిత్వానికి ఆద్యుల్లో ఒకడు. 'పారిస్‌ను తగలబెడతా' నవల రాసినందుకు ఫ్రాన్స్ వెళ్ళగొడితే సోవియట్ దేశాన్ని తన దేశమనుకుని వచ్చాడు. అక్కడే 1937లో అరెస్టయ్యాడు, 1938లో తుపాకీ గుండుకు బలయ్యాడు.

1940 వసంతంలో కటిన్‌లోనూ మరికొన్ని చోట్లా దాదాపు 22 వేల మంది పోలిష్ ఖైదీలను సోవియట్ రహస్య పోలీసులు చంపారు. సైనికాధికారులు, ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు. నేరం జర్మన్ల మీద నెట్టారు. 1990 ఏప్రిల్‌లో సోవియట్ ప్రభుత్వమే ఒప్పుకునేదాకా లోకంలోని కమ్యూనిస్టు పత్రికలు చాలావరకు ఆ అబద్ధాన్నే మోశాయి. మరోపక్క, 1944–45లో పోలెండ్ నేల మీద నాజీలతో పోరాడుతూ ఆరు లక్షల సోవియట్ సైనికులు నేలకొరిగిన మాటా నిజం. ఒక నిజాన్ని అడ్డుపెట్టి మరో నిజాన్ని దాచడం రెండు దేశాల పాలకులూ చేశారు. మన పుస్తకాల బీరువాల్లో రాదుగ, ప్రగతి ప్రచురణలు వరసగా ఉన్నాయి. వాటికి మనం రుణపడి ఉన్నాం. కాని ఆ వరసలో మిత్స్కేవిచ్ ఎక్కడ అని మనలో ఎంతమందిమి అడిగాం?

1967లో వార్సా జాతీయ రంగస్థలం మీద 'జ్యాదీ' ప్రదర్శించారు. అక్టోబర్ విప్లవ స్వర్ణోత్సవాల సందర్భంగా! జార్ దౌర్జన్యాన్ని ఖండించే చోటల్లా హాలు చప్పట్లతో మారుమోగింది. ప్రేక్షకులు ఏ క్రెమ్లిన్‌ను తలుచుకున్నారో పాలకులకు అర్థమైంది. నాటకాన్ని ఆపేశారు. 1968 జనవరి 30న చివరి ప్రదర్శన అయ్యాక విద్యార్థులు ఊరేగింపుగా మిత్స్కేవిచ్ విగ్రహం దగ్గరికి నడిచారు. లాఠీలు విరిగాయి, అరెస్టులు జరిగాయి. ఆ ఆగస్టులో సోవియట్ ట్యాంకుల వెంట పోలిష్ సైన్యం కూడా చెకొస్లోవాకియాలో ప్రవేశించిందనీ ఇక్కడే చెప్పాలి.

ఆ నెల 25న మాస్కో ఎర్ర మైదానంలో ఎనిమిది మంది కూర్చున్నారు. వాళ్ళలో కవయిత్రి నతాల్యా గొర్బనేవ్‌స్కయా మూడు నెలల పసివాణ్ణి తోపుడుబండిలో పడుకోబెట్టుకుని వచ్చింది. బ్యానర్లు ఆ బండిలోనే దాచి తెచ్చింది. ఒక గుడ్డ మీద ఇలా రాసి ఉంది: మీ స్వేచ్ఛ కోసం, మా స్వేచ్ఛ కోసం. ఈ నినాదం మాస్కోలో పుట్టింది కాదు. 1831 జనవరి 25న, తిరుగుబాటు మధ్యలో, ఉరితీయబడిన రష్యన్ డిసెంబ్రిస్టులకు నివాళిగా వార్సా పౌరులు తీసిన ఊరేగింపులో పోలిష్‌లోనూ రష్యన్‌లోనూ రాసి పట్టుకున్నది. నూట ముప్ఫై ఏడేళ్ళకు అది మినిన్, పజార్‌స్కీల విగ్రహానికి కూతవేటు దూరంలో విప్పుకుంది. నిమిషాల్లో పోలీసులు చింపేశారు. గొర్బనేవ్‌స్కయాను తరవాత పిచ్చాసుపత్రిలో పెట్టారు. 1975లో ఆమె దేశం విడిచి పారిస్ చేరింది, పోలిష్ కవులను రష్యన్‌లోకి అనువదిస్తూ బతికింది. ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా చాలా ఏళ్ళు గడిపాక 2005లో ఆ రష్యన్ కవయిత్రికి పౌరసత్వం ఇచ్చిన దేశం పోలెండ్.