బొమ్మ పడని సాయంత్రాలు

ఈ కథకు ముగింపు మనకు ముందే తెలుసు. బూదికోట, బంగారుపేట, ఆపైన కోలారు బంగారు గనుల కాలనీలు... ఈ సీమలో ఒకప్పుడు పొద్దుగూకితే జనం సినిమా ఆడే టెంటు దారి పట్టేవారు. ఇప్పుడు టెంటు లేదు, ఆ దారి పట్టే జనమూ లేరు. అయినా చెప్పుకుందాం. పోయినవాటికి మనం చేయగలిగిన మర్యాద అదొక్కటే.

హైదరాలీ పుట్టిన ఊరని బూదికోటకు చరిత్రలో చోటు దొరికింది. టెంటులో నేల మీద కూర్చున్నవాళ్లకు ఏ చరిత్రలోనూ దొరకలేదు.

చీకటి పడితేగాని తెర మీద బొమ్మ పడదు. అందుకే ఆట వేళను పొద్దే నిర్ణయించేది. మైకులో ఘంటసాల గొంతున వేంకటేశ్వర స్తుతి మొదలయ్యేసరికి, సంగటి కుండ దించి, పిల్లను చంకనేసుకుని, ఆడవాళ్లు నడక పెంచేవారు. నేల టికెట్టుకు ఇసుక, కాస్త ఎక్కువిస్తే బెంచీ, ఇంకాస్త ఇస్తే కుర్చీ. ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. రీలు అయిపోగానే దీపాలు వెలిగేవి. 1963లో వచ్చిన 'లవకుశ'లాంటి సినిమాకు, ఆ వెలుతురులో, పక్కవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకోవడం కనిపించేది. తనొక్కతే ఏడవలేదని ప్రతి తల్లికీ తెలిసేది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, గని కాలనీల్లో తమిళం. మాట అర్థం కానివాళ్లకు పక్కవాళ్లు చెవిలో చెప్పేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు.

ఈ సీమ సాయంత్రాలకు బలం గనిలో ఉండేది. 1880లో బంగారం తవ్వడానికి జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. తవ్వకం మూడు కిలోమీటర్ల లోతు దాటింది. నూటఇరవై ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం పైకి వచ్చింది. భూమి కింద చీకటిలో షిఫ్టు ముగించుకున్న మనిషి, కూలి డబ్బులోంచి నాలుగు నాణేలు తీసి, ఇంకో చీకటిలో వచ్చి కూర్చునేవాడు. ఈ చీకటిలో అతనికి భయం ఉండేది కాదు.

1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున్న టీవీ ముందుకు వెళ్లిపోయినా, సాయంత్రం ఇంకా టెంటుకే మిగిలి ఉంది. అప్పుడైనా ఎవరైనా ఆ గుడ్డ కప్పును గట్టి కప్పుగా మార్చి ఉంటే! ఎవరూ మార్చలేదు. తర్వాత వీడియో, దాని వెనకే కేబుల్ తీగ వచ్చాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. రాతిలో బంగారం పలచబడింది, తవ్వే ఖర్చు పెరిగింది, అది నిజమే. కానీ ఆ రోజున ఔన్సు బంగారం ధర 300 డాలర్లు కూడా లేదు. 2011 నాటికి 1,800 దాటింది. ఆ పదేళ్లు ఆగి ఉంటే గని బతికేదని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఆ పదేళ్లు మాత్రం దానికి ఎవరూ ఇవ్వలేదు.

గని మనుషులు బెంగళూరుకు పనికి పోవడం మొదలుపెట్టారు. మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి, రాత్రికి ఇల్లు చేరేవారు. సాయంత్రమన్నది వాళ్ల బతుకులోంచే జారిపోయింది. ముందు పోయింది వాళ్ల తీరిక. ఆట ఆ తర్వాతే ఆగింది.

2003లో బూదికోటలో, ఆ కేబుల్ తీగ మీదే, 'నమ్మ ధ్వని' పేరుతో ఊరి రేడియో మొదలైంది. జనాన్ని ఇళ్లలో కూర్చోబెట్టిన తీగే ఊరి గొంతును ఇళ్లకు చేర్చింది. వినాలని, చెప్పుకోవాలని ఆ మనుషులకున్న ఆకలి చావలేదన్నమాట. ఆ ఆకలికి టెంటంత నీడ మళ్లీ ఎవరైనా వేసి ఉంటే!

2018లో ఈ కోలారు గనుల పొట్టి పేరే, 'కేజీఎఫ్', సినిమా పేరై దేశమంతటా థియేటర్లను నింపింది. గనుల పక్కన, గని వ్యర్థాలు పోగైన సైనైడ్ దిబ్బల మీద కూడా ఆ సినిమా తీశారు. ఆ పేరుకు బంగారం తవ్విపెట్టినవాళ్ల గుండెలో మాత్రం వేరే సినిమాలున్నాయి, వేరే కన్నీళ్లున్నాయి.

వాళ్ల సాయంత్రాలను ఎవరూ బలవంతంగా లాక్కోలేదు. ఒక్కొక్కటే జారిపోతుంటే పట్టి ఆపే చెయ్యి లేకపోయింది, అంతే. మన దుఃఖమంతా ఆ లేని చెయ్యి గురించే. నేల టికెట్టు కొన్నవాళ్లు ఆ పల్లెల్లో కొందరు ఇంకా ఉన్నారు. ఏ సినిమాకు ఏడ్చారో, పక్కన ఎవరు కూర్చున్నారో అడిగితే చెబుతారు. వాళ్లుండగానే వెళ్లి అడుగుదాం.