ఆ ఆరు గంటలు

పలమనేరు వైపు ఛాతీ పట్టేస్తే ముందు గ్యాసే అనుకుంటారు. సోడా తాగి చూస్తారు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతారు. ఆపైన చిత్తూరా, తిరుపతా, వేలూరా, బెంగళూరా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. చిత్తూరంటే మొగిలి ఘాట్ దిగాలి. ఇలా జరిగే ఆలస్యాన్ని దేశమంతటా లెక్కగట్టిన అధ్యయనాన్ని నడిపింది మనకు దగ్గరలోనే, బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ డాక్టర్లు.

ఇది కొత్త మందు ఇచ్చి చూసే రకం పరిశోధన కాదు. రోగి ఎలా వచ్చాడు, ఏ వైద్యం అందింది, చివరికి ఏమయ్యాడు అన్నది ఓపిగ్గా రాసిపెట్టుకోవడమే. ఈ పద్ధతి సత్తా 1967లోనే తేలింది. న్యూయార్క్‌లో థామస్ కిల్లిప్, జాన్ కింబల్ గుండెపోటుతో చేరిన 250 మందిని పరిశీలించారు. గుండె సరిగా తోడలేకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. వీపు మీద స్టెతస్కోప్ పెడితే, ఊపిరి పీల్చినప్పుడల్లా జుట్టును చెవి దగ్గర వేళ్లతో నలిపినట్టు చిటపటలు వినిపిస్తాయి. చప్పుడు లేకపోతే మొదటి తరగతి, అడుగున వినిపిస్తే రెండు, ఊపిరితిత్తులు నీటితో నిండిపోతే మూడు, బీపీ పడిపోయి కాళ్లూ చేతులూ చల్లబడితే నాలుగు. మరణాలు వరసగా 6, 17, 38, 81 శాతం. ఖరీదైన యంత్రమేదీ లేకుండా తేల్చిన లెక్క ఇది. డాక్టర్లు ఇప్పటికీ కేస్‌షీట్లో ఆ తరగతి రాస్తారు.

అయితే కిల్లిప్ లెక్క ఆసుపత్రి మంచం దగ్గర మొదలవుతుంది. అంతకుముందు సంగతేమిటి? సెయింట్ జాన్స్‌కు చెందిన డెనిస్ జేవియర్, ప్రేమ్ పాయిస్, అదే కాలేజీలో చదివి కెనడాలో స్థిరపడిన సలీం యూసుఫ్ కలిసి ‘క్రియేట్’ రిజిస్ట్రీ నడిపారు. 50 నగరాలు, 89 ఆసుపత్రులు, 20,468 మంది రోగులు. ఫలితాలు 2008లో ‘లాన్సెట్’లో వచ్చాయి.

రోగుల సగటు వయసు 57.5 ఏళ్లు. నొప్పి మొదలై ఆసుపత్రి చేరేసరికి మధ్యస్థంగా 360 నిమిషాలు, అంటే సగం మందికి ఆరు గంటలు దాటింది. చేరాక రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడడానికి పట్టింది 50 నిమిషాలే. డాక్టర్ల వేగం ఎంత పెంచినా పోయిన ఆరు గంటలు తిరిగిరావు. రక్తం అందక చచ్చిన గుండె కండరం మళ్లీ మొలవదు, అక్కడ మచ్చ మిగులుతుంది.

నాకు అంతకంటే గుచ్చుకున్నది మరో అంకె. నెలలోపు పేదల్లో 8.2 శాతం చనిపోతే, డబ్బున్నవాళ్లలో 5.5 శాతమే. పేదలకు జబ్బే ముదిరి ఉంటుందేమోనని వయసు, బీపీ, షుగరు వగైరా సరిచూశారు. తేడా పోలేదు. అందిన వైద్యాన్ని లెక్కలోకి తీసుకోగానే మాయమైంది. స్టెంటు, బైపాస్ పేదలకు పెద్దగా అందలేదంటే అర్థం చేసుకోవచ్చు. గుండె వేగం తగ్గించే చవకైన బీటా బ్లాకరు మాత్రలు కూడా వాళ్లకే ఎందుకు తక్కువ పడ్డాయో ఆ అంకెలు చెప్పవు.