సైనికుల చేతిలో సూది

లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో బలిపీఠం ముందు కట్టే ఒక తెర ఉంది. నిండా పూలు, ఆకులు, పక్షులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో జరిగిన కృతజ్ఞతా ప్రార్థన కోసం దాన్ని కుట్టించారు. కుట్టినవాళ్ళు 138 మంది. అందరూ మగవాళ్ళే, అందరూ ఆ యుద్ధంలో దెబ్బతిన్న సైనికులే. బ్రిటన్ వాళ్ళతో పాటు ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికాల నుంచి వచ్చి ఆస్పత్రుల్లో పడి ఉన్నవాళ్ళు. ఎక్కడివాళ్ళు అక్కడ కుట్టిన ముక్కల్ని తర్వాత ఒక్కటిగా చేర్చారు.

కాళ్ళు పోయినవాడు మంచం దిగలేడు. ఫిరంగుల మోతకు మనసు చెదిరినవాడికి చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. అలాంటివాళ్ళకు ఒడిలో ఇమిడే పని, బరువు లేని పని, ఎప్పుడు ఆపినా చెడిపోని పని కావాలి. ఎంబ్రాయిడరీ సరిగ్గా అలాంటిది. కుట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే మనసు కాసేపైనా ఆ లెక్క దగ్గర నిలబడుతుంది. ఆస్పత్రుల వాళ్ళు దీన్ని వైద్యంగా మొదలుపెట్టారు. చాలామందికి అది ఇష్టంగా మారింది.

అయితే అప్పటికి ఇంగ్లండ్‌లో సూదిపని అంటే ఆడవాళ్ళ పనే. ఆ అభిప్రాయం ఎంత గట్టిగా ఉందో, దాని వయసు అంత తక్కువ. మధ్యయుగాల్లో యూరప్ చర్చిలన్నీ కోరి తెప్పించుకున్న ఇంగ్లిష్ ఎంబ్రాయిడరీని లండన్ కార్ఖానాల్లో ఆడా మగా కలిసే కుట్టారు. అక్కడి ఎంబ్రాయిడరీ పనివాళ్ళ సంఘానికి 1561లో రాణి ఎలిజబెత్ అధికార పత్రం ఇచ్చింది. చేతి అల్లికా అంతే, యూరప్ నగరాల్లో అది మగవాళ్ళ సంఘాల చేతిలో ఉన్న వృత్తి. 19వ శతాబ్దంలో బ్రిటిష్ నావికులు తీరిక దొరికినప్పుడు తమ ఓడల బొమ్మల్ని ఉన్ని దారాలతో బట్ట మీద కుట్టుకున్నారు. తెరచాపలు, తాళ్ళు, జెండాలు ఒక్కటీ తప్పిపోకుండా కుట్టిన ఆ బొమ్మలు ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

మన ఊళ్ళలోనూ ఇదే లెక్క. పెళ్ళి జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించడానికి వెళితే, చట్రం చుట్టూ కూర్చుని జరీ, పూసలు కుడుతున్నది చాలా చోట్ల మగవాళ్ళే. ఎవరికీ వింతగా తోచదు, అది వాళ్ళ జీవనాధారం కాబట్టి. అదే మగవాడు సాయంత్రం ఇంట్లో కూర్చుని, డబ్బు కోసం కాకుండా, దిండు గలీబు మీద గులాబీ కుట్టుకుంటే మాత్రం చూసేవాళ్ళ కనుబొమలు పైకి లేస్తాయి. కూలికి కుడితే మగపని, ఇంట్లో సరదాకు కుడితే ఆడపని అనే గీత ఇక్కడా అక్కడా ఒకటే. ఆస్పత్రి మంచాల మీది సైనికులు దాటింది ఈ గీతనే.

ఈ కథలో ముందు చెప్పుకోవలసిన మనిషి ఎర్నెస్ట్ థెసిజర్. చిత్రకారుడు కావాలని లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చేరి, చివరికి నటుడయ్యాడు. 1935 నాటి 'బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టీన్' సినిమాలో డాక్టర్ ప్రిటోరియస్ ఆయనే. 1914లో మామూలు సిపాయిగా సైన్యంలో చేరి, ఫ్రాన్స్‌లో చేతులకు గాయాలై తిరిగొచ్చాడు. ఎంబ్రాయిడరీ ఆయనకు ప్రాణం, ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. వికలాంగులైన సైనికుల కోసం 1918లో మొదలైన ఎంబ్రాయిడరీ సంస్థ వెనక ఉన్నది ఆయనే. అది ఇల్లు కదల్లేని మనుషులకు పని ఇచ్చింది, 1955 దాకా నడిచింది. 1941లో థెసిజర్ ఎంబ్రాయిడరీ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. రంగస్థలం మీదా తెర మీదా అంత పేరున్న మనిషి, ఆ రోజుల్లో, ఇది నా ఇష్టం అని అచ్చువేసి చెప్పడం చిన్న సంగతి కాదు.

థెసిజర్‌కు చదువు, పలుకుబడి ఉన్నాయి. జాన్ క్రాస్క్‌కు ఆ రెండూ లేవు. ఇంగ్లండ్ తూర్పు తీరాన నార్ఫోక్‌లో చేపలు పట్టే కుటుంబంలో 1881లో పుట్టాడు. తనూ చేపలు పట్టాడు, తర్వాత చేపల దుకాణం నడిపాడు. 1917లో సైన్యంలోకి వెళ్ళిన కొద్ది రోజులకే జబ్బుపడ్డాడు. అప్పటినుంచి రోజుల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి స్పృహ ఉండీ లేనట్టు పడి ఉండేవాడు. తేరుకున్నప్పుడల్లా సముద్రం బొమ్మలు వేసేవాడు. నిలబడి రంగులు వేసే ఓపికా పోయాక, భార్య లారా క్రిస్మస్ పుడ్డింగ్ కోసం ఉంచిన బట్ట ఇచ్చి, సూది ఎలా పట్టాలో చూపించింది. అంతే, మంచం మీద పడుకునే కుట్టడం మొదలుపెట్టాడు.

అతను కుట్టిన అలలు చూస్తే ఆ నీళ్ళ మీద బతికినవాడి పని అని తెలిసిపోతుంది. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో, పడవ ఎంత ఒరిగిందో కుట్టు వాలులోనే కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్ తీరం నుంచి బ్రిటిష్ సైనికుల్ని పడవల్లో తరలించిన ఘట్టాన్ని నాలుగు మీటర్ల దాకా పొడవున్న బట్ట మీద కుట్టాడు. ఆ తీరాన్ని అతను చూడలేదు. రేడియోలో విన్న వార్తలు ఆధారం. ఆకాశం కొంత మిగిలి ఉండగానే 1943లో కన్నుమూశాడు. ఆ బట్ట నారిచ్ కాజిల్ మ్యూజియంలో అలాగే, ఆ ఖాళీతోనే ఉంది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లిష్ కళలో దానికి దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

అదే యుద్ధంలో మేజర్ అలెక్సిస్ కాస్‌డాగ్లీ 1941లో క్రీట్ ద్వీపంలో జర్మన్లకు చిక్కాడు. ఖైదులో పొద్దు పోక, తోటి ఖైదీ ఇచ్చిన కాన్వాసు గుడ్డ మీద, చిరిగిన స్వెటర్ విప్పి తీసిన దారాలతో కుట్టడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది డిసెంబరులో కుట్టిన ఒక గుడ్డ అంచు చుట్టూ చుక్కలు, గీతలు ఉంటాయి. చూడటానికి ఉత్త అలంకారం. మోర్స్ కోడ్ తెలిసినవాళ్ళు చదివితే అందులో బ్రిటన్ రాజుకు దీవెన, హిట్లర్‌కు ఒక పచ్చి బూతు. సంగతి తెలియని జర్మన్లు పనితనం మెచ్చుకుని ఆ గుడ్డను ఒక్క శిబిరంలో కాదు, నాలుగింటిలో ప్రదర్శనకు పెట్టారు. కాస్‌డాగ్లీ తోటి అధికారులకూ సూదిపని నేర్పాడు, విడుదలయ్యాక కూడా కుడుతూనే ఉన్నాడు.

గాయం, జబ్బు, ఖైదు. ఇంతవరకూ చెప్పుకున్న చాలామంది చేతికి సూది రావడానికి ఏదో ఒక సాకు ఉంది. ఆ సాకు అక్కర్లేదని గట్టిగా చెప్పినవాడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రోజీ గ్రియర్. ఎదురొచ్చిన ఆటగాళ్ళను గుద్ది పడేయడమే పనిగా బతికిన భారీ మనిషి. 1968లో అమెరికా నేత రాబర్ట్ కెనెడీని కాల్చినవాణ్ణి అక్కడికక్కడే ఒడిసిపట్టినవాళ్ళలో ఒకడు. 1973లో మగవాళ్ళ కోసం సూదిపని పుస్తకం తెచ్చాడు. విమానమంటే ఉన్న భయం కూడా కుడుతూ ఉంటే సర్దుకుంటుందని చెప్పుకున్నాడు.

తర్వాతి తరంలో బ్రిటిష్ డైవర్ టామ్ డేలీ ఉన్నాడు. 2020లో, ఒళ్ళు కాస్త కదలకుండా విశ్రాంతి తీసుకునే మార్గంగా కోచ్ సలహా ఇస్తే అల్లిక పట్టుకున్నాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో గెలిచిన స్వర్ణ పతకానికి గీతలు పడకుండా, ఒకవైపు బ్రిటన్ జెండా, ఇంకోవైపు జపాన్ జెండా ఉన్న చిన్న సంచి తనే అల్లాడు. ప్రేక్షకుల మధ్య కూర్చుని అల్లుతున్న అతని ఫోటో ప్రపంచమంతా తిరిగింది. మరుసటి ఏడాది అల్లిక మీద పుస్తకం తెచ్చాడు. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కూ సూదులూ ఉన్నీ వెంట తీసుకెళ్ళాడు; అక్కడ రజతం గెలిచాడు, స్వెటరూ అల్లాడు.