2-క్లోరో-4-నైట్రోఫినాల్

బెంజీన్ వలయం మీద హైడ్రాక్సిల్ సమూహానికి పక్కన క్లోరిన్, ఎదుట నైట్రో సమూహం చేరగా ఏర్పడే పసుపు ఛాయ గల స్ఫటిక పదార్థం 2-క్లోరో-4-నైట్రోఫినాల్. దీని చరిత్ర పురుగుమందుల చరిత్రతో పెనవేసుకున్నది. 1944లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త గెర్హార్డ్ ష్రాడర్ నైట్రోఫినాల్ ఆధారంగా పారాథియాన్‌ను తయారు చేయగా, తరువాత అదే నిర్మాణానికి క్లోరిన్‌ను జోడించి డైకాప్తాన్ వంటి మందులను రూపొందించారు. డైకాప్తాన్ తయారీకి ముడిసరుకు ఈ క్లోరో నైట్రోఫినాలే, అది విచ్ఛిన్నమయ్యాక మిగిలేదీ ఇదే.

కర్నూలు, కడప జిల్లాల రైతులకు పరిచయమైనది మాత్రం క్లోరిన్ లేని దాయాది, మిథైల్ పారాథియాన్. వేరుశనగ చేలలో ఎర్ర గొంగళి పురుగు మందలుగా కదిలే రోజుల్లో దాని 2 శాతం పొడిని చేను చుట్టూ తీసిన చాళ్లలో చల్లేవారు, పలుచని గుడ్డ సంచిలో పోసి కర్రతో తట్టి పైరు మీద దులిపేవారు. ఈ వర్గపు మందుల ప్రమాదం దేశానికి 1958లోనే తెలిసింది. కేరళలో ఓడపై వచ్చిన గోధుమపిండిలో ఫాలిడాల్ అనే పారాథియాన్ మందు కలిసి వందమందికి పైగా మరణించగా, ఆ దుర్ఘటన 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టానికి దారితీసింది. అయినా మిథైల్ పారాథియాన్‌పై పూర్తి నిషేధం 2018 ఆగస్టులో గాని రాలేదు. ఈ అరవయ్యేళ్ల జాప్యానికి రసాయనశాస్త్రంలో సమాధానం దొరకదు.

క్లోరిన్, నైట్రో సమూహం రెండూ వలయం నుంచి ఎలక్ట్రాన్లను లాగుకోవడం వల్ల క్లోరో నైట్రోఫినాల్ ఆమ్లగుణం పెరుగుతుంది. క్షారగుణం గల నల్లరేగడిలో ఇది దాదాపు పూర్తిగా ఋణావేశ అయానుగా మారుతుంది. బంకమట్టి రేణువులకూ ఋణావేశమే ఉండటంతో అవి దాన్ని గట్టిగా పట్టి నిలపలేవు. వేసవిలో నెర్రెలు విచ్చిన నంద్యాల ప్రాంతపు రేగడిలో ముంగారు వాన నీరు ఆ నెర్రెల గుండానే దిగుతుంది గనుక, ఇటువంటి అయాను నీటి వెంట లోతుకు జారే వీలు హెచ్చు. బోరుబావులే ఆధారమైన మెట్ట గ్రామాలకు ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు.

ఎలక్ట్రాన్ల కొరత వల్ల వలయాన్ని ఆక్సిజన్‌తో చీల్చే సూక్ష్మజీవుల ఎంజైములకూ పని కష్టమవుతుంది. అయితే చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సాంకేతిక సంస్థ పరిశోధకులు పురుగుమందులతో కలుషితమైన నేల నుంచి వేరుచేసిన రోడోకోకస్ ఇమ్‌టెకెన్సిస్ అనే బ్యాక్టీరియా, ముందు నైట్రో సమూహాన్ని, ఆపైన క్లోరిన్‌ను తొలగించి, ఈ సమ్మేళనాన్నే ఆహారంగా వాడుకోగలదు.

పురుగుమందుల రంగంలో వెనుకబడిన ఈ పదార్థం నేడు రోగనిర్ధారణలో కుదురుకున్నది. దీన్ని మాల్టోట్రయోజ్ అనే చక్కెరకు జోడించి చేసిన కారకాన్ని రక్తరసంలోని అమైలేజ్ ఖండించినప్పుడు పుట్టే పసుపు రంగును 405 నానోమీటర్ల వద్ద కొలిచి, క్లోమగ్రంథి వాపును గుర్తించడంలో తోడు తెచ్చుకుంటారు. నేలలో దీన్ని కదిలించే ఆమ్లగుణమే ఇక్కడ అక్కరకొస్తుంది: మామూలు నైట్రోఫినాల్ తటస్థ ద్రావణంలో సుమారు సగమే అయానుగా మారగా, ఇది దాదాపు పూర్తిగా పసుపెక్కుతుంది.