డబుల్ డెక్కర్ బస్సు: ఒక అర్థసంకోచ కథ

తెలుగు భాషాచరిత్రలో అర్థవిపరిణామమనే ప్రకరణం ఒకటి ఉంది. తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు చెవులు రిక్కించుకొని వినేవారు. ఒకప్పుడు 'చీర' అంటే ఏ వస్త్రమైనా చీరే; నేడు స్త్రీలు కట్టుకొనేది మాత్రమే చీర. ఇది అర్థసంకోచం. 'నూనె' మొదట నువ్వులనుంచి తీసినది. ఇప్పుడు పల్లీది, కొబ్బరిది, చివరికి యంత్రాలకు పోసేది కూడా నూనే. ఇది అర్థవ్యాప్తి. శబ్దం ఉన్నచోటనే ఉంటుంది, అర్థం జారిపోతుంది. మాటలకు పట్టే ఈ గతి వస్తువులకూ పడుతుందనడానికి మన హైదరాబాదు డబుల్ డెక్కర్ బస్సు మంచి ఉదాహరణ. ఈ టపాలో ఆ చరిత్రను కొంత చెప్పి, దానిమీద సాగిన వాదాన్ని గురించి నాకు తోచిన మాట మనవి చేస్తాను.

ముందుగా మా సనత్‌నగర్ సంగతి. ఈ పేరు సనత్కుమారుని వల్ల వచ్చిందనుకొనే సంస్కృతాభిమానులు నాకు చాలామంది తటస్థపడ్డారు. నిజానికి ఇది ఉర్దూ మాట. 'సనత్' అంటే పరిశ్రమ. సనత్‌నగర్ అంటే పరిశ్రమల ఊరు. నాంపల్లి నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైనప్పుడు దాని పేరు 'నుమాయిష్ మస్నూఆతె ముల్కీ'. అంటే స్వదేశీ ఉత్పత్తుల ప్రదర్శన. ఆ 'మస్నూఆత్', ఈ 'సనత్' ఒకే అరబ్బీ ధాతువు బిడ్డలు. చేతితో, యంత్రంతో వస్తువును తయారుచేయడం ఆ ధాతువు అర్థం.

అలా తయారుచేసిన సంస్థలలో పెద్దది 1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్. ఉక్కు బీరువాలు, రిఫ్రిజిరేటర్లు, చేతిగడియారాలు, పుష్పక్ స్కూటర్లు, వీటన్నిటితోపాటు బస్సుల బాడీలు అక్కడ తయారయ్యేవి. నగరంలో తిరిగిన డబుల్ డెక్కర్లకు మేను కట్టినదీ ఆల్విన్ కార్మికులే. అంటే ఈ బస్సు ఎక్కడినుంచో వచ్చి పడిన వింత వస్తువు కాదు. ఈ నేలమీద, ఈ ఊరి చేతులమీదుగా రూపం దిద్దుకొన్నది.

బస్సు నడిపిన సంస్థకూ పెద్ద చరిత్రే ఉంది. 1932 జూన్ 15న నిజాం స్టేట్ రైల్వేకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైంది. 1951లో అది హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు వేరే సంస్థ ఏర్పడింది. ఏలికలు మారినా, పేర్లు మారినా బస్సు పని మాత్రం మారలేదు. మనిషిని ఇంటినుంచి పనికీ, పనినుంచి ఇంటికీ చేర్చడం దాని ధర్మం.

డబుల్ డెక్కర్ ఆ ధర్మానికి పుట్టిన రూపమే. రోడ్డుమీద ఒక బస్సు ఆక్రమించే చోటులోనే రెండు బస్సుల జనాన్ని పట్టించాలన్న ఉపాయంతో పై అంతస్తు వచ్చింది. అంతేగాని ఊరు చూపించడానికి రాలేదు. సికింద్రాబాదు నుంచి జూపార్కుకు పోయే 7జడ్ ఎక్కినవారిలో గుమాస్తాలు, కాలేజీ విద్యార్థులు, సంచులు మోసుకొచ్చే ఆడవాళ్లు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు అందరూ ఉండేవారు. పై అంతస్తు ముందు సీటుకోసం పిల్లలు పరుగెత్తడం, ట్యాంక్‌బండ్ గాలి ముఖానికి కొట్టడం నిజమే. అయితే ఆ ఆనందం టిక్కెట్టుతో పాటు కొసరుగా దొరికినది. అసలు సరుకు ప్రయాణమే. కొసరు వేయడం మరచిపోని అంగడిని జనం మరచిపోరు. ఈ బస్సుమీద ఇంత మమకారం నిలవడానికి కారణం అదే.

2000 తరువాత తొలి ఏళ్లలో ఆ బస్సులు రోడ్డు దిగాయి. ఫ్లైఓవర్లు పెరిగాయి, నిర్వహణ భారమైంది. ఆల్విన్ కూడా అంతకు ముందే ముక్కలైంది; దాని రిఫ్రిజిరేటర్ల విభాగం 1990లలో వోల్టాస్‌లో కలిసిపోయింది. పరిశ్రమల ఊరికి పేరులోనే పరిశ్రమ ఎక్కువగా మిగిలింది. మాట ఉంది, అర్థం సన్నగిల్లింది.

2020 నవంబరులో ఒక నగరవాసి ట్విట్టర్‌లో డబుల్ డెక్కర్‌ను తలచుకొంటే, అప్పటి మంత్రి కె. తారకరామారావు తన బడి రోజుల జ్ఞాపకాన్ని చెప్పి, వాటిని తిరిగి తేవడానికి వీలుందా అని రవాణామంత్రిని అడిగారు. ఆపైన ఆర్టీసీ 25 బస్సులకోసం టెండర్లు పిలిచింది. పరిశీలనకు వచ్చిన దారులలో కోఠి – పటాన్‌చెరు ఒకటి. అమీర్‌పేట, ఎర్రగడ్డల మీదుగా, అంటే మా సనత్‌నగర్ ముంగిటినుంచి పోయే దారి. ఆ పథకం రోడ్డెక్కలేదు. చివరకు 2023 ఫిబ్రవరి 7న మూడు విద్యుత్ డబుల్ డెక్కర్లను ప్రారంభించారు. తెచ్చినది ఆర్టీసీ కాదు, నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ. ఒక్కొక్కటి 2.16 కోట్ల రూపాయలు. 65 మంది కూర్చోవచ్చు. ఒకసారి ఛార్జి చేస్తే 150 కిలోమీటర్లు నడుస్తుంది. ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. ఆ సందడికి అవి అలంకారాలయ్యాయి. ఆ తరువాత ట్యాంక్‌బండ్, నెక్లెస్ రోడ్డు, ప్యారడైజ్, నిజాం కాలేజీల చుట్టూ తిరిగాయి.

అప్పుడు మొదలైంది వాదం. 'మా బాల్యం తిరిగి వచ్చింది' అన్నారు కొందరు. 'ఏసీ పెట్టి అద్దాలు బిగిస్తే ఆ గాలి ఎక్కడిది? ఇది మన బస్సు కాదు' అన్నారు మరికొందరు. 'కాలుష్యం లేదు, అది చాలదా' అన్నది మూడో పక్షం. అందరూ చర్చించినది రూపాన్నే: రంగు, కిటికీ, చప్పుడు, చల్లదనం. అసలు మార్పు వేరేచోట జరిగిందని నా మనవి. ఎక్కడినుంచో ఎక్కడికో చేర్చే బండి, ఎక్కినచోటనే దించే బండి అయింది.

ఈ భేదం స్పష్టం కావాలంటే అమెరికా ఉదాహరణ ఒకటి చూడాలి. పిల్లలను చూడడానికి అక్కడికి వెళ్లిన మన తల్లిదండ్రులలో డిస్నీ పార్కు చూడకుండా వచ్చేవారు తక్కువ. అక్కడ 1989లో 'స్ప్లాష్ మౌంటెన్' అనే పడవ సవారీ వచ్చింది. కథ 1946 నాటి ఒక చలనచిత్రంలోది. నల్లవారి బానిసత్వపు నీడను ఆ చిత్రం తీయగా చూపిందని నింద ఉన్నది. 2020 జూన్‌లో సవారీ కథను మారుస్తామని ప్రకటించగానే అభిమానులు రెండుగా చీలిపోయారు. మా జ్ఞాపకాన్ని చెరపవద్దని ఒక వర్గం. అవమానాన్ని వినోదంగా ఎన్నాళ్లు ఉంచుతారని మరొక వర్గం. 2024లో అది టియానా అనే నల్లజాతి రాకుమారి కథతో మళ్లీ తెరుచుకొంది. గమనించవలసినదేమంటే, మారినది పైకథ. కాలువ అదే, పడవ అదే, చివర గుండె జారే ఆ దూకుడూ అదే. ఎక్కినవాడికి దక్కే అనుభవం నిలిచింది.

మన దగ్గర జరిగినది దీనికి సరిగ్గా తలకిందులు. పైరూపం నిలిచింది, లోపలి పని మారింది. వినోదశాలలో పడవకు కథ మార్చితే అది వినోదశాలలోనే ఉంటుంది. ఊరి బస్సుకు పని మార్చితే అది ఊరినుంచి వినోదశాలకు వలసపోతుంది. నేను అర్థసంకోచమన్నది దీనినే. అందరిదీ అయిన మాట కొందరిది అయింది.

లండన్‌వారు ఈ చిక్కును మనకంటే ముందే ఎదుర్కొన్నారు. 1956 నుంచి తిరిగిన రూట్‌మాస్టర్ బస్సులు 2005 డిసెంబరు 9న సాధారణ మార్గాలనుంచి వైదొలగాయి. 2012లో కొత్త రూట్‌మాస్టర్ వచ్చింది. వెనుక తెరచిన ద్వారం, అక్కడ కండక్టరు ఉంటేనే అది రూట్‌మాస్టర్ అని అభిమానుల పట్టు. 2016లో కండక్టర్లను తీసేశారు. అభిమానులకు ఆ బాధ మిగిలింది. కాని బస్సు మాత్రం రోజూ జనాన్ని మోస్తూనే ఉంది. ముంబైలో 1937లో మొదలైన డబుల్ డెక్కర్లలో చివరి డీజిల్ బండి 2023 సెప్టెంబరు 15న నిలిచిపోయింది. అయితే దానికి వారసులుగా వచ్చిన విద్యుత్ బస్సులను అక్కడ ఆఫీసులకు పోయేవారి దారులలో నడిపారు. ఏసీ అక్కడా ఉంది, అద్దాలు అక్కడా బిగించే ఉన్నాయి. అయినా అర్థం చెడలేదు.

జ్ఞాపకాన్ని నేను తక్కువ చేయడం లేదు. అది లేకుంటే ఈ బస్సు ఊసే ఎవరూ ఎత్తేవారు కారు. కాని జ్ఞాపకం దేనిని కోరుతున్నదో తెలుసుకోకుండా దానికి బొమ్మను ఇచ్చి సముదాయించడం న్యాయం కాదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చింది. నగర బస్సులలో కాలు పెట్టడానికి చోటు లేని వేళలు పెరిగాయి. అమీర్‌పేట కూడలిలో సాయంత్రం ఆరింటికి నిలబడి చూస్తే, ఒకే చోటులో రెండు బస్సుల జనాన్ని పట్టించే ఆ పాత ఉపాయం ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఫ్లైఓవర్లు, మెట్రో వంతెనలు అడ్డమే. అన్ని దారులకూ అది పనికిరాదు. పనికివచ్చే దారి ఒక్కటైనా వెదకవచ్చు కదా!

కిటికీ తెరిచి ఉండాలా, మూసి ఉండాలా అన్న తగవును ఇక విడిచిపెడదాం. పై అంతస్తులో చేత టిఫిను డబ్బాతో ఒక ఉద్యోగిని కూర్చొని, తన స్టాపు వచ్చేసరికి మెట్లు దిగి తన దారిన తాను పోగలిగితే, అది మన డబుల్ డెక్కరే. ఆమెకు అందులో చోటు లేకుంటే, ఎంత అందంగా రంగులు వేసినా కాదు.

ఏయే నంబర్ల డబుల్ డెక్కర్లు ఏయే దారులలో తిరిగేవో గుర్తున్న మిత్రులు వ్యాఖ్యలలో తెలియజేస్తే, ఈ చరిత్రలోని ఖాళీలు కొన్నైనా పూరించుకోవచ్చు.